సర్కారు లేని రేవు

నేను పోర్ట్ బ్లెయిర్‌లో డిగ్రీ పూర్తిచేసి ఇంట్లో కూర్చున్న ఏడాది, బాంబూఫ్లాట్ అవతలున్న మా రేవుకి నలుగురు మగవాళ్లు జాగా వెతుక్కుంటూ వచ్చారు. మెయిన్‌లాండ్ నుంచి ఓడ దిగిన చదువుకున్నవాళ్లు. పన్నులు, లైసెన్సులు, పోలీసులు లేనిచోట తమలాంటి కుటుంబాలతో ఒక ఊరు కట్టుకుంటారట. ఎవరి బతుక్కి వాళ్లే యజమానులట. చౌల్దారీలో పొలాలు కొలిచే పట్వారీ ఎదురయ్యాడని ఆ ఊరు వద్దనుకున్నారు. అబర్డీన్ బజార్ నిండా ఆఫీసులే. మా రేవులో మాత్రం ఖాకీ చొక్కా కనబడలేదు. అంతే, ఇదే చోటన్నారు.

ఎవరి పని వాళ్లే చేసుకోవాలని ఉపన్యాసాలిచ్చేవాళ్లు, మా అమ్మ ఇచ్చిన టీ తాగి గ్లాసులు అరుగు మీదే వదిలేసేవారు. నా అనుమానం అక్కడే మొదలైంది.

నాన్నకి మాత్రం వాళ్లంటే మహా మోజు. మా ఇంటి పక్కన, రేవు పైన, ఖాళీగా ఉన్న మెట్ట ఒక్కటే మాకు మిగిలిన జాగా. తమ్ముడు ఇల్లు వేసుకోవాల్సింది అక్కడే. దాన్ని వాళ్లకిస్తానన్నాడు.

"మరి తమ్ముడు సముద్రంలో కడతాడా ఇల్లు?" అన్నాను.

"పెద్ద సదువులోళ్లు పక్కనుంటే మనకెంత ఇజ్జతే!"

"నేనూ సదివాను. నాకేటి ఇజ్జతిచ్చావు?"

"నీకియ్యక్కర్లేదు, నువ్వే లాక్కుంటావు."

వాళ్లలో పెద్దాయన నన్ను మంచి చేసుకుందామని చూశాడు. "మా ఊళ్లో ఆడవాళ్లకీ సమానంగా మాట ఉంటుంది దీదీ."

"గ్లాసులెవరు కడుగుతారు భయ్యా?"

"అది ఇద్దరూ మాట్లాడుకుని ఒప్పుకోవాలి."

"మా అమ్మతో ఎప్పుడు మాట్లాడుకున్నారు?"

నవ్వేశాడు. అయినా ఆ 'సమానంగా' అన్న మాట నన్ను కాస్త గుచ్చిందనే చెప్పాలి. మా రేవు పెద్దలు తీర్పుకి కూర్చున్నచోట ఆడవాళ్లు మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు.

మా తీరంలో రాళ్లు లేకుండా పెద్ద వల లాగడానికి వీలైన చోటు ఒక్కటే. అక్కడ రోజుకో ఇంటిది వంతు. ఎక్కడా రాసిపెట్టలేదు గానీ, తాగి పడిపోయినవాడిని లేపి అడిగినా ఇవాళ ఎవరి వంతో చెబుతాడు. ఒక పొద్దున ఈ నలుగురూ ఒక డోంగీ పడవ అద్దెకి తీసుకుని, సరిగ్గా అక్కడే వల వేశారు. ఆ రోజు వంతు ఎదురింటి విధవరాలిది. ఆమె అరిస్తే పెద్దాయన, "సముద్రం ఎవరి సొత్తూ కాదమ్మా, ముందు వేసినవాడిదే చేప" అన్నాడు.

పెద్దలు పడవల పాకలో కూర్చున్నారు. చేపలన్నీ ఆమెకి ఇప్పించారు. వాళ్లని చేరదీసింది నాన్న, చుట్టం చేసిన తప్పు ఇంటివాడిదే కాబట్టి, రాబోయే మా వంతు పోయిందన్నారు.

వచ్చినవాళ్లలో పెద్దాయన నాన్న వైపు తిరిగి మండిపడ్డాడు. "మీ మీద వీళ్లకి అధికారం ఎవరిచ్చారు? మీరు ఒప్పుకోకండి!"

"ఒప్పుకోపోతే నా వల ఎవుడు లాగుతాడు బాబూ?"

"కూలికి మనుషుల్ని పెట్టుకోండి."

"ఎవుళ్ని? ఈళ్లనేనా?" అని నాన్న పాకలో ఉన్నవాళ్లని చూపించాడు. ఆ కోపంలోనూ పెద్దలు నవ్వారు.

అంత జరిగాక కూడా ఆ సాయంత్రం ఆ నలుగురూ మెట్ట సంగతి తేల్చమని మా అరుగెక్కారు. రేపు పెద్దల ముందే చెబుతానని పంపేశాడు నాన్న. వాళ్లు వెళ్లాక నా వైపు తిరిగాడు.

"ఇత్తానన్న నోటితో ఇయ్యనంటే బాగోదు. నువ్వెళ్లి సెప్పు, ఆ జాగా తమ్ముడిదేనని."

నాకు మాట దక్కిందా, నా నోటి వెనక ఆయన దాక్కుంటున్నాడా? తేల్చుకోలేకపోయాను.

"ఆడదాన్ని కూకోనిత్తారేటి అక్కడ?"

"నిలబడే సెప్పు. కూకుంటే మద్దేన్నం దాకా ఆపవు."

పొద్దున్నే వెళ్లి చెప్పాను, కూర్చునే.