డాక్టరమ్మ చెప్పిన హాస్పిటల్

మా క్లినిక్ ముందు పెయింటరు కొత్త బోర్డు మీద 'హాస్పిటల్' అని రాస్తున్నాడు. ఆ మాట చూడగానే మా డాక్టరమ్మ గుర్తొచ్చింది. జమ్మలమడుగులో ఆమె దగ్గర నర్సుగా చేరినప్పుడు నాకు సూది వేయడం తప్ప ఏమీ తెలియదు. రోగులు పలచబడ్డాక ఆమె మాటల పుట్టుకలు చెప్పేది, నేను ఆవులింతలు ఆపుకుంటూ వినేదాన్ని. లాటిన్‌లో 'హోస్పెస్' అంటే ఇంటికొచ్చినవాడూ, ఆదరించే ఇంటాయనా కూడానట. హోటల్, హాస్పిటల్ ఆ మాట పిల్లలేనట. ఇటలీవాళ్లు ఇప్పటికీ ఇద్దరినీ 'ఓస్పితే' అనే పిలుస్తారట. జర్మన్ 'గాస్ట్', ఇంగ్లీషు 'గెస్ట్' దూరపు చుట్టాలు.

"ఇంకో చుట్టముండాది మే, 'హోస్తిస్' అని. మొదట పరాయోడు, తర్వాత శత్రువు. గడపలో నిలబడినోడు ఏమైతాడో ముందే ఎవురికి తెలుసు?" అంది.

ఆ వేసవిలోనే, ఒక మధ్యాహ్నం, మైలవరం వైపు నుంచి తల పగిలిన మనిషిని ఆటోలో తెచ్చారు. పొలం గట్టు తగాదా. ఆమె కుట్లు ముగించేసరికి కొట్టినవాళ్లు నలుగురు కట్టెలతో వాకిట్లో దిగారు. ఆమె గడపకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

"వాన్ని బయటికి పంపు డాక్టరమ్మా," అన్నాడు పెద్దవాడు.

"ఎండన పడి వచ్చినారు. ముందు నీళ్లు తాగప్పా."

ఒకరింట నీళ్లు తాగినవాడు ఆ ఇంట్లో చెయ్యెత్తకూడదని మా వైపు పట్టింపు. అది ఆ పెద్దవాడికీ తెలుసు. మిగతా ముగ్గురు నేను తెచ్చిన గ్లాసులు అందుకుని తాగేశారు. అతను మాత్రం తన గ్లాసును తాగకుండా అరుగు మీద పెట్టాడు.

"నాకు దాహం లేదు."

"నాకూ తొందర లేదు. కూచో," అంది.

ఎంతసేపు అలా ఉన్నామో చెప్పలేను. లోపల ఆ మనిషి మూలుగు వినిపిస్తూనే ఉంది. చివరికి పెద్దవాడు కట్టె గోడకు ఆనించి, గ్లాసెత్తి గటగటా తాగి, ఎవరి వైపూ చూడకుండా వెళ్లిపోయాడు. మిగతా ముగ్గురూ వెనకాలే నడిచారు.

ఆమె కుర్చీలోంచి లేవలేకపోయింది. "భయపడినారా అమ్మా?" అన్నాను. "శానా," అంది, నా చెయ్యి పట్టుకుని. ఆ పట్టు చల్లగా, వణుకుతూ ఉంది.

అంతవరకూ ఆమెకు భయమే లేదనుకునేదాన్ని. ఇప్పుడు నా వాకిట్లో గొంతులు లేచినప్పుడు నాకూ వణుకు పుడుతుంది. వణుకుతూనే వెళ్లి గడపలో నిలబడతాను.