బావ చెవి పరీక్ష

మా బావ ఇరవై రెండేళ్లు ఫిరంగి దళంలో పనిచేశాడు. ఫిరంగి పక్కనే నిలబడి గుండు అందించే పని. ఆ మోతకి మూడో ఏడే ఎడమ చెవి పోయింది, తొమ్మిదో ఏటికి కుడిదీ మూలబడింది. చెవులు పోయినవాణ్ణి ఫిరంగి దగ్గర ఉంచరు, స్టోరు గదిలో బూట్లు సర్దిస్తారు. వాళ్లకి అది చావుతో సమానం. అందుకని దళమంతా కలిసి ఒక ఉపాయం పన్నారు. ఏటేటా పరీక్షలో కాంపౌండరు వెనక నిలబడి అంకెలు గొణిగేవాడు. ఎదుటి వరసలో ఉన్న నేస్తం అదే అంకె వేళ్లతో చూపించేవాడు. బావ టక్కున చెప్పేసేవాడు. రికార్డులో ప్రతి ఏడూ ఒకటే మాట: వినికిడి భేష్.

ఇంటికొచ్చాక పెదాలు చూసి నెట్టుకొచ్చాడు. వెనకనుంచి పిలిస్తే పలికేవాడు కాదు. "ఎప్పుడూ పరధ్యానమే" అని అక్క సణిగేది. చెవిటి మాలోకం అనిపించుకోవడం కన్నా ఆయనకి అదే పరువు. నాకొక్కడికే నిజం చెప్పాడు, అదీ లారీ కింద పడబోతుంటే నేను చెయ్యి పట్టి లాగి నాలుగు తిట్టాక.

అంతలో అక్క గొంతులో పుండు పడింది. నెల తిరిగేలోగా స్వరపేటిక తీసేస్తామన్నారు డాక్టర్లు. ఆ తర్వాత ఇక మాట ఉండదు. అప్పటికే గొణుగుడు తప్ప ఏమీ మిగల్లేదు. అప్పుడు దిగొచ్చాడు బావ.

"ఒరేయ్, దాని గొంతెలా ఉంటుందో కూడా మర్చిపోయాను. పోయేలోగా ఒక్కసారి వినాలిరా."

మాజీ సైనికుల ఆస్పత్రిలో చెవి మిషను ఇస్తారు, కానీ వినబడదని పరీక్షలో తేలాలి. బయట కొనే తాహతు మాకెవరికీ లేదు. దారి పొడుగునా చిలక్కి చెప్పినట్టు చెప్పాను.

"బావా, ఈసారి నెగ్గకూడదు."

"నాకు తెలీదట్రా?" అని కసిరాడు.

అద్దాల గదిలో కూర్చోబెట్టారు. చెవులకి తొడుగులు, చేతిలో మీట. శబ్దం వినపడితే నొక్కాలి. అద్దానికి ఇవతల నర్సు మిషను బటన్ నొక్కుతోంది. ఆవిడ వేలు కదిలినప్పుడల్లా బావ వేలూ కదిలింది. వెన్ను నిటారుగా, గడ్డం పైకెత్తి, ఒక్కటీ తప్పలేదు. నేను అద్దం మీద బాదాను. నర్సు నన్ను బయటికి గెంటేసింది.

రిపోర్టు చూసుకున్నాక బావ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఆవిడ వేలు కదిలిందిరా. నా వేలూ కదిలింది."

కొట్టాలన్నంత కోపం వచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. మళ్లీ ఏడాది దాకా పరీక్ష చెయ్యరట. పాత రికార్డూ కొత్త రిపోర్టూ ఒకే మాట చెబుతుంటే మా మొత్తుకోలు వినేదెవరు? ఆ ఆస్పత్రిలో చెవిటివాడి ముందు శంఖం ఊదింది మేమే.

అక్క అదేదో మామూలు పరీక్ష అనుకుంది. రిపోర్టు చూసి, "అయితే వినబడీ పలకరన్నమాట!" అని గొణుగుతూనే నవ్వింది. బావ రిపోర్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆపరేషన్ రోజు పొద్దున స్ట్రెచర్ మీదినుంచి బావని దగ్గరకి రమ్మని సైగ చేసింది. మెడ చుట్టూ చెయ్యి వేసి, నోరు చెవికి ఆనించి చాలాసేపు ఏదో చెప్పింది. పెదాలు బావకి కనిపించలేదు. నేను మర్యాదకి తలుపు దాటి నిలబడ్డాను. ఆ మర్యాదని ఇప్పటికీ తిట్టుకుంటూనే ఉన్నాను. బావ "ఊఁ, ఊఁ" అంటూ తలూపాడు.

నెలన్నర తర్వాత ఉండబట్టలేక పలక అక్క చేతికిచ్చాడు.

"ఆవేళ చెప్పావే, అది ఓసారి రాయవూ?"

అక్క సిగ్గుపడింది. బలపం తీసుకుని రాసింది: "అవన్నీ రాసే మాటలు కావు. మీరు విన్నారుగా, నాకదే చాలు."

బావ చదివి "ఊఁ" అన్నాడు.