మా కారు నుంచి పడిన అమెరికా ఓటు

ఈ రోజు పొద్దున్నే మా కారులో అమెరికా అధ్యక్ష ఎన్నికలు జరిగాయి. డ్రైవింగ్ నాది. పక్క సీట్లో మా ఆయన, రిపబ్లికన్. వెనక సీట్లో పక్కింటి శ్రీధర్ అన్నయ్య, డెమొక్రాట్. మేముండేది ఆస్ట్రేలియాలో, ముగ్గురం రోజూ పెర్త్ సిటీలో ఆఫీసులకి కలిసే వెళ్తాం. వీళ్లిద్దరూ అమెరికా మొహం కూడా చూడలేదు. మా పేట కానింగ్ వేల్ దాటకముందే టాక్సులు, గన్నులు అయిపోయి, "నువ్వు కమ్యూనిస్టువి", "నువ్వు షావుకార్ల తొత్తువి" దాకా వచ్చారు.

భరించలేక డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడికి స్పీకర్లో ఫోన్ చేశాను. వాడు అక్కడ సిటిజన్. వాళ్లకింకా మంగళవారం సాయంత్రమే, పోలింగ్ నడుస్తోంది.

"ఒరేయ్, ఓటేశావా?"

"లేదక్కా, లైన్ చాలా ఉందట. నా ఒక్క ఓటుతో ఏమవుతుందిలే!"

అంతే, కొట్టుకుంటున్నవాళ్లిద్దరూ ఒక్కటైపోయారు. "ఇక్కడైతే ఓటెయ్యకపోతే ఫైన్ వేస్తారు, తెలుసా?" అని మా ఆయన. "ముందు చెప్పులేసుకో తమ్ముడూ!" అని అన్నయ్య. వాడు కారు స్టార్ట్ చేసిన చప్పుడు వినబడేదాకా ఫోన్ పెట్టనివ్వలేదు.

లంచ్ టైమ్‌కి చూస్తే, చొక్కాకి "నేను ఓటేశాను" అన్న స్టిక్కర్ అంటించుకుని ఫొటో పంపాడు. ఎవరికేశావురా అంటే, "అది మాత్రం చెప్పను" అన్నాడు.

సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు అమెరికాలో ఎవరు గెలుస్తున్నారో వీళ్లకి పట్టలేదు. ఆ ఒక్క ఓటు మాదంటే మాదని దారంతా కొట్లాట!

రేపు వీళ్లని ఎవరైనా మీ కారులో ఎక్కించుకుంటారా? పెట్రోల్ నేను పోయిస్తాను.