పోయిన దెబ్బకు కాపలా

ఇది ఇన్నేళ్లూ రాయలేదు. నాకు యాభై దాటినంకనే అక్షరాలు వచ్చినయి. అంతకుముందు మా ఇంట్లో పలక ఉంటే అది నా నెత్తి మీదే పగిలేది.

ఆ రోజు ఆర్మూర్ దవాఖానలో చేతికి కట్టు కట్టించుకొని, భీమ్‌గల్ బస్సు కోసం బస్టాండ్‌లో కూర్చున్న. పక్కన ఒకామె కూర్చుంది. రేపు ఏమేం ఆపదలు రావచ్చో ముందే ఆలోచించడం కంపెనీల వాళ్లకు నేర్పుతుందట.

"జ్యోతిషమా చెల్లె?" అన్న.

"జ్యోతిషమైతే కారుల తిరుగుతుంటి అక్కా," అని నవ్వి, నా చెయ్యి చూసింది. "ఎవరు కొట్టిన్రు?"

"మా ఇంటాయన. మొదలు కట్టెతోని కొట్టిండు, దాన్ని పసుపు ఉడికే పొయ్యిల పెట్టిన. తర్వాత బెల్టు, బావిల పడేసిన. నిన్న పారతోని. ఎముక విరిగిన చప్పుడు నా బిడ్డ సుత విన్నది. పొద్దుగాల పారను గడ్డివాముల దాచి వచ్చిన."

"కంపెనీలోళ్లు గిట్లనే చేస్తరు. అయిపోయిన దెబ్బకే కాపలా కాస్తరు. ఇంక ఇంట్ల ఏమున్నది?"

ఇల్లంతా మనసులో తిరిగి చూసిన. తలుపు వెనక, కట్టెలు కొట్టేది ఉంది.

"గొడ్డలి," అన్న.

"గా గొడ్డలి లేసే లోపల నువ్వు, నీ బిడ్డ ఏడ ఉండాలె అక్కా?"

బస్సు వచ్చింది. ఆమె పేరు అడగలేదు.

మరునాడు పొద్దున ఆయన పసుపు ఆరబోయను కళ్లానికి పోయిండు. నేను గొడ్డలిని దాచలేదు. బిడ్డను లేపి, పెర్కిట్‌లో ఉన్న మా అక్క ఇంటికి మొదటి బస్సు ఎక్కిన.