అల్లుడికి విసిరిన గాలి

ఖరగ్‌పూర్‌లో వేసవి అంటే ఉక్క, లోడ్‌షెడ్డింగ్. ఇంతే. రైల్వే క్వార్టర్‌లో సీలింగ్ ఫేను ఉండేది గానీ తిరగడానికి కరెంటే ఉండేది కాదు. అందుకని ఇంట్లో మనిషికొక తాటాకు విసనకర్ర. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడికొచ్చి రైల్వే ఆఫీసులో దొరలకి పంకా లాగినాడు. దూలానికి గుడ్డ పంకా వేలాడదీస్తే, వరండాలో కూర్చుని రోజంతా దాని తాడు లాగడమే ఉద్యోగం. కరెంటు ఫేన్లొచ్చాక ఆయన్ని మోతపనుల ఖలాసీని చేసినారట. మనది గాలి అమ్ముకుని బతికిన వంశమని మా నాన్న వేళాకోళం చేసేవాడు.

నాకైతే విసనకర్రంటే ప్రాణం. గోల్‌బజార్‌లో కొత్తది కొంటే, ఆకు చీలిపోకుండా మా అమ్మ చుట్టూ పాత చీర అంచు కుట్టేది. నీళ్ళు చిలకరించి విసురుకుంటే తాటాకు వాసనతో పాటు చల్లగా మొహానికి తగిలేది. ఆ సుఖం ఫేనుగాలికి ఎక్కడిది? విసురుతుంటే పొరపాటున ఎవరికైనా తగిలిందా, వెంటనే దాన్ని నేలకి తాటించాలి, లేకపోతే తగిలినవాళ్ళకి మంచిది కాదు. ఈ నమ్మకం బెంగాలీలదో మనదో నాకిప్పటికీ తెలీదు. అక్కడ పుట్టి పెరిగినవాళ్ళకి ఏది ఎవరిదో ఏటి తెలుస్తాది?

నాకు విజయనగరం సంబంధం చేసినారు. పురిటికి పుట్టింటికొచ్చినాను. పుట్టిన బిడ్డ ఊపిరి తియ్యలేదు. ఇంక పిల్లలు కష్టమేనని డాక్టరమ్మ చెప్పేసింది. అది ఎనభైల చివర్లో మాట. మా ఆయన గానీ అత్త గానీ చూడ్డానికి రాలేదు. చలికాలం పోయింది, ఎండలొచ్చినాయి. నాకు ఏడుపు లేదు, కోపం లేదు. కాలు తిమ్మిరెక్కితే గిల్లినా తెలీదు చూడండి, ఒళ్ళంతా అలాగుండేది. అన్నం పెడితే తినేదాన్ని, లేకపోతే లేదు.

మా అమ్మ మాత్రం ఊరికే కూర్చోలేకపోయింది. పక్క క్వార్టర్ బెంగాలీ దీదీ ఆవిడకో ఉపాయం చెప్పింది. జ్యేష్ఠంలో వాళ్ళకి జామాయ్ షష్ఠి అని అల్లుళ్ళ పండగుంది. ఆ రోజు అల్లుణ్ణి పిలిచి, అత్తగారు తడి విసనకర్రతో విసిరి, చేతికి పసుపు దారం కట్టి, కడుపునిండా పెట్టి, కొత్త బట్టలిస్తుంది. ఎలాంటి అల్లుడైనా మెత్తబడతాడని దీదీ భరోసా. మా అమ్మ కబురు మీద కబురు పెట్టింది. తల్లీకొడుకులు నిజంగానే వచ్చినారు.

పండగ నాడు నాన్నకి సెలవు దొరక్క, పొద్దున్నే చేప తెచ్చి పడేసి రైల్వే వర్క్‌షాప్‌లో డ్యూటీకి వెళ్ళిపోయినాడు. కొళాయి దగ్గర మా ఆయన కాళ్ళు కడుక్కోడానికి నేనే చెంబుతో నీళ్ళు పోసినాను. అప్పుడు ఆయన నెమ్మదిగా అన్నాడు.

"నిన్ను తీసుకెల్డానికి రాలేదు. మాయమ్మ సెప్తాది. నువ్వేటీ అనకు."

చెంబులో నీళ్ళు ఇంకా ఉన్నాయి కదాని రెండో కాలి మీద కూడా పోసినాను. తువ్వాలు ఇచ్చినాను.

లోపల మా అమ్మ అప్పటికే పీట వేసేసింది. కరెంటు లేదు. విసనకర్ర నీళ్ళలో ముంచి, దీదీ నేర్పినట్టు "షాట్, షాట్" అంటూ అల్లుడికి విసిరింది. నూరేళ్ళు చల్లగా బతకమని దీవెనట అది. దారం కట్టింది. ఆయన తిన్నంతసేపూ పక్కన కూర్చుని విసురుతూనే ఉంది. చేప పులుసు రెండోసారి వేయించుకున్నాడు. మా అమ్మ మొహం చూడాలి, ఇంక నన్ను బండి ఎక్కించడమే తరువాయి అన్నట్టుంది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఆవిడ మీద జాలి వేసింది. ఆ నెలల్లో నాకు తగిలిన నొప్పి అదొక్కటే.

ఆయన చెయ్యి కడుక్కోగానే మా అమ్మ పళ్ళెం తెచ్చింది. అందులో కొత్త పంచ, ఇత్తడి చెంబు, కొత్త విసనకర్ర. వానలు ముందున్నాయి కదాని గొడుగు కూడా పెట్టింది, అది ఆవిడ సొంత తెలివి. మా అత్త ఆ పళ్ళెం చూసి దిగ్గున లేచింది.

"బతికున్న నా కొడుక్కి పదకొండోనాటి దానాలిస్తన్నారేటి?"

అవును మరి. మనిషి పోతే పదకొండో రోజు బ్రాహ్మడికి ఇచ్చేవి అవే. ఆ సంగతి మా అమ్మకి తెలీక కాదు, మా తాత పోయినప్పుడు దగ్గరుండి ఇప్పించింది. కానీ బెంగాలీ పండగ కదా, బెంగాలీ బుర్రతోనే చేసింది. విజయనగరం కళ్ళకి అదెలా కనబడుతుందో ఆవిడకి తట్టలేదు. మా అత్తకి కావలసిందీ అదే. రోగి కోరిందీ పాలే, వైద్యుడు ఇచ్చిందీ పాలే. ఇలాంటి ఇంటి పిల్ల మాకక్కర్లేదని కొడుకుని లేవదీసుకుని రిక్షా ఎక్కేసింది. ఆయన వెనక్కి చూడలేదు.

మా అమ్మ ఆ పళ్ళెం ముందే కూలబడిపోయింది. తన చేత్తో తనే నా కాపరం కూల్చేసినానని ఒకటే గొణుగుడు. రేపటి బండికి విజయనగరం వెళ్ళి, మా అత్త కాళ్ళు పట్టుకుని, ఇది బెంగాలీల పద్ధతని చెప్పుకుంటానంది. చీరలు సర్దడానికి లేచింది కూడా. ఇంక ఊరుకోలేక చెప్పేసినాను.

"నువ్వేటీ సెయ్యలేదమ్మా. పీట మీద కూకోకముందే కొళాయి కాడ సెప్పేసినాడు, నన్ను తీసుకెల్డానికి రాలేదని."

మా అమ్మ చేతిలో చీరతోనే నా వైపు తిరిగింది.

"మరి నేనిసురుతుంటే అంతసేపు ఎందుకు కూకున్నాడే?"

"కరెంటు లేదు కదమ్మా."

అప్పుడు ఏడ్చింది మా అమ్మ. ఉక్కకి మొహమంతా తడిసిపోయింది. నాకు ఏడుపు రాలేదు. విసనకర్ర తీసుకుని ఆవిడ పక్కన కూర్చుని విసిరినాను. ఒక చెయ్యి నొప్పెడితే రెండో చేతికి మార్చుకున్నాను.