చున్నీ కింద చెవులు

పాపను కడుపులో మోస్తున్నప్పుడే ఈ మాటనూ మోయడం మొదలుపెట్టాను. పాప పుట్టింది, నడిచింది, ఇప్పుడు వచ్చీరాని మాటలతో ఇల్లంతా తిరుగుతోంది. మాట మాత్రం ఇంకా లోపలే ఉంది. ఎవరికీ చెప్పలేదు. ప్రార్థనలో కూడా సరిగా చెప్పలేదు. "నా తప్పులన్నీ క్షమించు ప్రభువా" అని అన్నిటినీ కలిపి ఒక మూట కట్టేదాన్ని, ఆ మూటలో ఇది ఎక్కడుందో దేవుడికి కూడా కనపడకూడదన్నట్టు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మా ఆడబిడ్డ ఎస్తేరుకు వినికిడి తగ్గింది. అందులో నా చెయ్యి ఉంది. చెయ్యి అనడం కూడా తప్పించుకోవడమే. నా నోరు ఉంది.

మేముండేది ములకలపల్లి దాటాక, అడవి మొదలయ్యే చోట. ఇంటికి కొంచెం దూరంలో ఒక మామిడి తోట, ఆ తోటలో ఒక షూటింగ్ క్లబ్. రిటైరైన ఉద్యోగులు, మా ఆయనలాంటి లెక్చరర్లు, భద్రాచలంలో మందుల షాపు నడిపే ఒకాయన, శనివారం సాయంత్రాలు అక్కడ చేరి కాగితపు గురిపటాల మీద రైఫిల్, పిస్టల్ కాలుస్తారు. మూడు పక్కల గోడలు, పైన రేకులు. అందులో ఒక్కసారి పేల్చితే ఆ చప్పుడు గోడలకు, రేకులకు కొట్టుకుని మళ్ళీ మన మీదికే వస్తుంది.

నేను ఖమ్మంలో డిగ్రీ చదివేటప్పుడు ఎన్‌సీసీలో కాల్చేదాన్ని. జిల్లా పోటీల దాకా వెళ్ళాను. పెళ్ళయ్యాక ఈ క్లబ్‌లో మా ఆయన కంటే నేనే బాగా కాల్చేదాన్ని. నా వంతు వచ్చినప్పుడు ఆయన తన పిస్టల్ బల్ల మీద పెట్టి నా వెనక వచ్చి నిలబడేవాడు. నా వంతు అయ్యేదాకా కదిలేవాడు కాదు. అలా నిలబడడమే. ఇంట్లో ఎవరూ నన్ను అలా చూడలేదు. అత్తమ్మ నా వంట చూసేది, నా జడ చూసేది, నేను ఆదివారం చర్చికి ఏ చీర కట్టానో చూసేది. వెనక నిలబడి నన్ను చూసింది ఆయనొక్కడే, అదీ ఆ రేకుల కిందే.

కడుపుతో ఉన్నానని తెలిశాక డాక్టరమ్మ అక్కడికి వెళ్ళొద్దంది. చెవులకు మఫ్‌లు పెట్టుకుంటాను మేడమ్ అన్నాను. "నీ చెవులకు పెట్టుకుంటవు సరే, లోపల బిడ్డకు ఏం పెడతవమ్మా?" అంది. మానేశాను.

నా చోటులోకి ఎస్తేరు వచ్చింది.

ఎస్తేరు మా ఆయన చెల్లెలు. ఇంకా పెళ్ళి కాలేదు, మాతోనే ఉంటుంది. చర్చి క్వయర్‌లో పై స్వరం తనది. ఎక్కడికి పోయినా నవ్వుకుంటూ పోయేది, నవ్వుకుంటూ వచ్చేది. సరదాకు ఒకసారి అన్నతో తోటకు పోయి, ఎవరో ఇచ్చిన మఫ్‌లు పెట్టుకుని కాల్చిందట. ఆ గురిపటం తెచ్చి మా ఆయన ఫ్రిజ్ తలుపు మీద అతికించాడు. నావి ఎప్పుడూ అతికించలేదు. నావి అలవాటైపోయాయి కాబట్టి అతికించలేదేమో. అప్పుడు అలా అనుకోలేకపోయాను. వాంతులతో నీరసంగా ఉండి, నీళ్ళ సీసా కోసం ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ ఆ నల్లటి చుక్కలు నా మొహం మీదే ఉండేవి. "మా ఎస్తేరు చెయ్యి పెడితే ఏదైన కుదురుతది" అనేది అత్తమ్మ, వచ్చినవాళ్ళకు చూపిస్తూ. నేను కాలుస్తానని ఆమె ఎవరికీ చెప్పినట్టు నాకు గుర్తులేదు.

తర్వాతి శనివారం ఎస్తేరు నా మఫ్‌లు అడగడానికి వచ్చింది. స్కూటీ మీద పోయే ఇక్కడి ఆడపిల్లలందరిలాగే చున్నీ కట్టుకుని ఉంది. మా రోడ్డు మీద లారీల దుమ్ము తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. తల, చెవులు, మొహం అన్నీ చుట్టేసి, రెండు మడతలు తిప్పి వెనక ముడివేసి, కళ్ళు మాత్రం బయటికి. నేను మఫ్‌లు తెచ్చి ఇచ్చాను. అవి చెవుల చుట్టూ గట్టిగా అతుక్కుని చప్పుడును ఆపే పెద్ద డిప్పలు. నా డిప్పలు.

"వదినా, ఈ చున్నీ ఇప్పాల్నా? మళ్ళ కట్టుడంటే పెద్ద పని. దీని మీదకెల్లే పెట్టుకుంటే ఏమన్న అయితదా?"

నాకు తెలుసు. అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. పోటీలకు తయారయ్యేటప్పుడు నేనూ సరిగ్గా అట్లాగే చున్నీ మీద మఫ్‌లు పెట్టుకుని నిలబడ్డాను. మా కోచ్ దగ్గరికి వచ్చి, డిప్పకూ నా చెంపకూ మధ్య చున్నీ మడతలో తన చిటికెన వేలు దూర్చాడు. వేలు లోపలికి పోయింది. "చూసినవా? వేలు పట్టినంత సందు ఉన్నది. ఇగ పెట్టుకొని ఏం లాభం?" అన్నాడు. ఆ తర్వాత నేనెప్పుడూ చున్నీ విప్పకుండా లైన్‌లో నిలబడలేదు. మామిడి తోటలో ఈ సంగతి ఎవరికీ తెలియదు. అక్కడంతా మగవాళ్ళు. వాళ్ళు చున్నీ కట్టుకోరు కదా.

"ఏం కాదు, పెట్టుకో" అన్నాను.

"నిజంగ?"

"అవ్. మెత్తగ ఉంటది గూడ. ఒత్తుకోదు."

ఎస్తేరు నవ్వింది. "బతికించినవ్ వదినా. అన్నను అడిగితే గంటసేపు క్లాస్ పీకుతుండె."

'ఏం కాదు' అన్న మాటను మరిచిపోయి అన్నానని సర్ది చెప్పుకోవచ్చు. కానీ 'మెత్తగ ఉంటది గూడ' అన్నదానికి ఏం చెప్పుకోను? అది ఎవరూ అడగని మాట. ఆమె ఇంకోసారి అడగకుండా నేను కలిపిన మాట.

తనకు చెవుడు రావాలనుకున్నానా? లేదు. ఇన్నాళ్ళలో ఎన్నిసార్లు తవ్వి చూసుకున్నా అది దొరకలేదు. కానీ దొరికింది అంతకంటే మంచిదేమీ కాదు. చప్పుడుకు తను అదరాలనుకున్నాను. అదిరితే చెయ్యి కదులుతుంది, గురి తప్పుతుంది, మా ఆయన ఇంటికొచ్చి "నీలాగ ఎవలకు రాదు" అంటాడు. అంతే. ఆ ఒక్క మాట కోసం. చప్పుడు ఏం చేస్తుందో తెలియని దాన్ని కూడా కాదు, బీఎస్సీ ఫిజిక్స్ చదివాను.

ఎస్తేరు అదరలేదు. వారం వారం ఇంకా బాగా కాల్చింది. మా ఆయన తన వెనక నిలబడడం నేను చూడలేదు గానీ, నిలబడే ఉంటాడు. ఆ నిలబడడాన్ని నేను ఇంట్లో మంచం మీద పడుకుని, కాళ్ళ వాపు చూసుకుంటూ, ప్రతి శనివారం ఊహించుకున్నాను.

చెవుల్లో గుయ్యిమంటోందని తను అప్పుడే చెప్పింది. క్లబ్‌లో చెప్తే నవ్వారట. మందుల షాపాయన, "మాకు ఎప్పటిసందో గుయ్యేనమ్మా. ఇంట్ల మా ఆమె తిట్లు వినవడవు, గదొక్కటే లాభం" అన్నాడట. ఎస్తేరు ఆయన గొంతు అనుకరిస్తూ అది చెప్పి మమ్మల్నందరినీ నవ్వించింది. నేనూ నవ్వాను. అప్పుడు చెప్పి ఉండొచ్చు. అప్పటికి ఇంకా పెద్దగా ఏమీ పోయి ఉండదు.

తర్వాత ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. క్వయర్‌లో పై స్వరం పట్టలేకపోతోందని తనను వెనక వరుసకు మార్చారు. కుక్కర్ విజిల్ వినబడదు. వంటగదిలో నిలబడి ఉండగా పాప పట్టీల మువ్వలు గలగలమంటూ వెనకే వస్తున్నా తిరగదు.

ఇక్కడ ఒకటి చెప్పాలి. ఇది చెప్పకపోతే చెప్పినవన్నీ అబద్ధమే. మా పాపకు మేనత్తంటే ప్రాణం. పొద్దున లేచి నన్ను కాదు, తననే వెతుకుతుంది. మొదట పలికిన మాట కూడా "అత్త" అనే. ఆ సన్నటి గొంతు వెనకనుంచి "అత్తా, అత్తా" అని పిలిస్తే ఎస్తేరుకు వినబడదు. పాప కాసేపు చూస్తుంది. మూతి ముడుస్తుంది. అప్పుడు నా దగ్గరికి వస్తుంది. నేను ఎత్తుకుంటాను. ఎత్తుకున్నప్పుడు నాకు గెలిచినట్టు ఉండేది. ఏడుస్తున్న బిడ్డ నా మెడ పట్టుకుంటే, "అత్తకు పనుంది, నేనున్న గదా" అనేదాన్ని. అలా అనుకునే అవకాశం కోసం ఎదురు చూసిన రోజులు కూడా ఉన్నాయి.

ఖమ్మం తీసుకెళ్ళి పరీక్ష చేయించాం. చిన్న గదిలో కూర్చోబెట్టి చెవుల్లోకి రకరకాల శబ్దాలు పంపారు. సన్నటి శబ్దాలు వినే శక్తి పోయిందని, అది తిరిగి రాదని, ఉన్నదైనా కాపాడుకోవాలని డాక్టర్ చెప్పాడు. పెద్ద చప్పుళ్ళ దగ్గర పనిచేస్తావా అని అడిగాడు. శనివారాలు కాలుస్తానని, మఫ్‌లు లేకుండా ఒక్కసారి కూడా కాల్చలేదని ఎస్తేరు చెప్పింది. అది నిజమే. "గవి కాదు సార్, ఎప్పుడు చూడు చెవులల్ల ఆ వైర్లే" అంది అత్తమ్మ. డాక్టర్ పాటలు వినడం తగ్గించమన్నాడు. నేను పక్క కుర్చీలో ఉన్నాను. పాప మూతికి ఏమీ అంటుకోలేదు. అయినా కొంగుతో తుడుస్తూ కూర్చున్నాను.

ఎస్తేరు ఇయర్‌ఫోన్లు పారేసింది. పాటలు మానేసింది. శనివారం తోటకు మాత్రం పోయింది, చున్నీ కట్టుకుని, దాని మీద నా మఫ్‌లు పెట్టుకుని.

ఆ తర్వాత నాకు నిద్ర పట్టడం మానేసింది. పాప పడుకునే ముందు దాని వెనక కాగితం నలుపుతాను. చెంచా కింద వేస్తాను. తిరిగి చూస్తే ఊపిరి పీలుస్తాను. పలకకుండా ఆటలో ఉంటే ఇంకో చెంచా వేస్తాను. నేను చేసినదానికి పాప చెవులు అడుగుతాడా దేవుడు? ఆ భయం లేకపోతే నాకు ఎస్తేరు మీద జాలి వచ్చేదా? ఏమో.

పోయిన శనివారం తను బయలుదేరుతుంటే గుమ్మం దగ్గర ఆపాను. "ఉక్కపోస్తున్నది, అక్కడ పోయినంక చున్నీ ఇప్పి పెట్టుకో. నేను ముడి వదులుగ కడత" అన్నాను. ముడి విప్పి మళ్ళీ కట్టాను. ఆ ఒత్తైన జుట్టు నా చేతికి తగిలింది. కాన్పు తర్వాత నాది సగం ఊడిపోయింది. ఆ క్షణంలో కూడా నేను చూసింది అదే.

తిరిగొచ్చాక తను బండి స్టాండ్ కూడా వేయకుండా చెప్పింది. "వదినా, నువ్వన్నట్టు చున్నీ ఇప్పి పెట్టుకుంటే ఇయ్యాల చప్పుడే రాలే! ఉన్న చెవులు గూడ పోయినయనుకొని ప్రాణం పోయినంత పనైంది. డిప్పలు తీసి చూస్తే అందరి మాటలు మంచిగనే వినొస్తున్నయ్."

మా ఆయన మొహం పాలిపోయింది. "అంటే ఇదంతా చున్నీ వల్లనా? నేను పక్కనే ఉండి చూస్తనే ఉన్న, నాకు తట్టనే లేదు. గట్ల పెట్టుకోవచ్చని ఎవలు చెప్పిన్రే నీకు?"

ఎస్తేరు నా వైపు చూసింది. ఒక్క క్షణం. తర్వాత వంగి పాపను ఎత్తుకుంది. "ఎవలు చెప్తరన్నా, నా బద్దకం" అంది.

మరిచిపోయిందా? గుర్తుండే దాచిందా? ఎన్నిసార్లు ఆ చూపును మళ్ళీ గుర్తు చేసుకున్నా తేలడం లేదు. దాచి ఉంటే, ఆ మంచితనం మీద కూడా నాకు అసూయగానే ఉంది. అదీ రాస్తున్నాను, దాచకుండా.

మా ఆయన ఆ రోజునుంచి సరిగా తినడం లేదు. పక్కనే ఉండి చూసుకోలేదని తనను తాను తిట్టుకుంటున్నాడు. నేను కంచంలో అన్నం పెడుతున్నాను, ఇంకొంచెం తినమంటున్నాను, ఆయన నేరాన్ని ఆయనకే వదిలేస్తున్నాను. ఎస్తేరు పక్క గదిలో పాపను పడుకోబెట్టుకుంది. దానికి తను ఇంకా పాటలు పాడుతుంది, పై స్వరాలు తప్పుతూ. పాపకు ఆ తేడా తెలియదు.

ఆయన అడిగినప్పుడు నేను గుమ్మంలోనే ఉన్నాను. జవాబు నా దగ్గరే ఉంది. రేపు పొద్దున వాళ్ళ ముందు చెప్పగలనో లేదో మాట ఇవ్వలేను. ఇప్పటికి ఇక్కడ చెప్తున్నాను.

నేను చెప్పాను. తెలిసే చెప్పాను.