కాలమ్ అడుగున రెండు లైన్లు

కాసిమీరో ఆర్చులేతా ముప్ఫై ఏళ్లపాటు అచ్చాఫీసులో సీసపు అక్షరాలు ఏరాడు. కొలరాడో దక్షిణాన, బీట్ దుంప చేల నడుమ ఉన్న ఆ ఊళ్లో ‘ఎల్ ఫరోల్’ అనే వారపత్రిక ఉండేది. దాని యజమాని, సంపాదకుడు, చందాలు వసూలు చేసేవాడు, అన్నీ డోన్ నాబోరే. మిగిలిన చాకిరీ అంతా కాసిమీరోది. డెన్వర్ నుంచి వచ్చే ఇంగ్లీషు పత్రికను ఎదురుగా పెట్టుకుని, కలం ముట్టకుండా, నేరుగా స్పానిష్‌లో అక్షరాలు కూర్చేసేవాడు. అంత చేయి తిరిగిన కంపోజిటర్ చుట్టుపక్కల లేడని డోన్ నాబోర్ కూడా ఒప్పుకునేవాడు. కాకపోతే ఆ మాట కాసిమీరో ముందు అనేవాడు కాదు.

నలభై దాటాక ఆ చేతులే మొండికేశాయి. చలికాలం పొద్దున కణుపులు వాచిపోయి, అక్షరాలు పేర్చే కంపోజింగ్ స్టిక్ పట్టుకోవడమే గగనమయ్యేది. అప్పుడు ఆదుకున్నది డోన్యా ఎపిఫానియా. జ్ఞానస్నానం నాడు అతన్ని ఎత్తుకున్న జ్ఞానతల్లి ఆమె. అతనికి ఎన్నేళ్లొచ్చినా ‘మద్రీనా’ అనే పిలిచేవాడు. ఆమె వంటింటి వెనక గోడవారన నాలుగు గంజాయి మొక్కలుండేవి. ఆ ఆకు సారాలో నానబెట్టి, ఆకుపచ్చటి ఆ రసాన్ని సీసాలో పోసి ఉంచేది. ఆమె తల్లీ అంతే, ఆమె అమ్మమ్మా అంతే. బీట్ చేలల్లో వంగి వంగి నడుము పోయిన కూలీల్లో సగంమంది ఆ సీసా పుణ్యమా అని మర్నాడు లేచి పనికి పోయేవాళ్లు.

ప్రతి శనివారం సాయంత్రం కాసిమీరో వెళ్లి, ఆ రసం రుద్దమని ఆమె ముందు చేతులు చాపేవాడు.

“కదలకు. మేకపిల్లలా అలా గింజుకుంటావేంరా?”

“మండుతోంది మద్రీనా.”

“మండనీ. లేకపోతే వచ్చేవారం నీ పేపరు నన్నొచ్చి కూర్చమంటావా? నాకు అక్షరం ముక్క రాదు. అయినా నీకంటే తప్పులు తక్కువే చేస్తానేమో.”

ఆరేళ్లు ఇలాగే గడిచాయి.

ఆ తర్వాత డెన్వర్ పత్రికల నిండా గంజాయి వార్తలు మొదలయ్యాయి. ఎక్కడో ఎవడో ఒక గంజాయి చుట్ట కాల్చి గొడ్డలి పట్టుకున్నాడట. ఇంకెక్కడో బడిపిల్లలకు పిచ్చెక్కిందట. ఎక్కడ, ఎవరు అని వెతికితే ఊరుండదు, పేరుండదు. ‘మెక్సికన్లు తెచ్చిన విషం’ అన్న మాట మాత్రం ప్రతి వార్తలోనూ ఉండేది. చదివేవాళ్లు మెక్సికన్లే అయినా డోన్ నాబోర్‌కి పట్టలేదు.

“ముందు పేజీలో వేసెయ్. జనం ఎగబడి చదువుతున్నారు,” అన్నాడు.

కాసిమీరో వేశాడు. చుట్ట కాల్చేవాళ్ల గొడవ వేరు, మద్రీనా సీసా వేరు అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. ఇలాంటి పనికి మనిషికి ఎవరి సాయమూ అక్కర్లేదు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం గంజాయి వార్త పూర్తయ్యేసరికి కాలమ్ అడుగున రెండు లైన్లు ఖాళీ మిగిలాయి. డోన్ నాబోర్ భోజనానికి వెళ్లాడు. కాసిమీరో ఒక్క క్షణం ఆలోచించి సొంతంగా ఒక వాక్యం కూర్చాడు: ‘దీన్ని ఒక్కసారి ముట్టినవాడు బతికినంతకాలం నిజం చెప్పలేడు, అబద్ధమాడుతున్నా వాడి ముఖంలో జంకు కనపడదు.’ కొలిచినట్టు సరిగ్గా రెండు లైన్లకు సరిపోయింది. మురిసిపోయాడు కూడా. ఆ గడియలో ఎవరైనా వచ్చి అతని చెంప ఛెళ్లుమనిపించి ఉంటే ఎంత బాగుండేదో!

ఆదివారం చర్చిలో ఫాదర్ నోట ఆ వాక్యమే వినిపించింది. కాసిమీరో తలవంచుకుని నవ్వాపుకున్నాడు. బుధవారం క్షవరానికి వెళ్తే మంగలి రుఫీనో కత్తి ఆపి మరీ చెప్పాడు.

“మా బావమరిది అట్లాంటోణ్ణి కళ్లారా చూశాడంట. నోరు తెరిస్తే అబద్ధమేనంట. ముఖంలో ఇంతైనా జంకు లేదంట!”

“ఎక్కడ చూశాడు?”

“ఎక్కడైతేనేంలే. పేపర్లో కూడా వచ్చిందిగా. నువ్వే కూర్చి నన్నడుగుతావేం?”

మెడ మీద కత్తి ఉన్న మనిషి ఎక్కువ మాట్లాడడు.

నెల తిరక్కుండా మద్రీనా ఇంటికి వచ్చేవాళ్లు వెనక గుమ్మం నుంచి రావడం మొదలుపెట్టారు. ఆ తర్వాత అదీ మానేశారు. ఆమె ఎదురుపడితే తల్లులు పిల్లల్ని శాలువా చాటుకు లాక్కునేవారు. ఒక శనివారం ఆమె అతని చేతులు రుద్దుతూ, ఎటో చూస్తూ అంది.

“నా గుమ్మం ముందు ఉప్పు చల్లిపోయారురా. మంత్రగత్తెకు చల్లినట్టు. వీళ్లలో ముగ్గురికి బొడ్డు కోసింది నేనే.”

ఆ రెండు లైన్లూ తనవేనని కాసిమీరో చెప్పేద్దామనుకున్నాడు. చెప్పలేకపోయాడు.

“ఆ మొక్కలు పీకేద్దాం మద్రీనా.”

“పీకేసి? నీ వేళ్లకు నీ పేపరు చుడతావా? ముందు ఆ రెండో చెయ్యి ఇలా తే.”

వసంతకాలంలో డోన్ నాబోర్ డెన్వర్ పత్రిక ముక్క ఒకటి తెచ్చి బల్లమీద పడేశాడు. కాసిమీరో అలవాటుగా చదువుతూ కూర్చుతూ పోతున్నాడు. మధ్యలో చెయ్యి ఆగిపోయింది. ‘సుదీర్ఘ అనుభవం గల అధికారుల పరిశోధనలో తేలినదేమనగా, దీన్ని ఒక్కసారి ముట్టినవాడు...’ తన వాక్యమే. ఇంగ్లీషు సూటూ బూటూ తొడుక్కుని తిరిగొచ్చింది. ముందు నవ్వొచ్చింది. తర్వాత ఒళ్లు జలదరించింది. ఇంకో క్షణానికి, ఒకవేళ నిజంగానే పరిశోధన చేశారేమో అన్న అనుమానం కూడా వచ్చింది.

“ఇది నేను రాసింది డోన్ నాబోర్. కాలమ్ తక్కువైతే నింపాను.”

డోన్ నాబోర్ కళ్లద్దాలు పైకి తోశాడు.

“ఈ మాట నాతో అన్నావు, ఇంకెవరితోనూ అనకు. డెన్వరోళ్లే వేశాక అది నీదెట్లా అవుతుంది? పని చూడు.”

కాసిమీరో తన అబద్ధాన్ని రెండోసారి, ఈసారి అధికారుల పేరుతో, అక్షరం అక్షరం ఏరి కూర్చాడు.

అక్టోబరులో గంజాయి మీద కొత్త చట్టం వచ్చింది. వారం తిరక్కుండా షెరీఫ్ మనుషులు పట్టపగలే వచ్చి గోడవారన మొక్కలు పీకారు, సీసా పట్టుకున్నారు, డెబ్బై ఒక్క ఏళ్ల ఎపిఫానియాను బండెక్కించారు. పొయ్యి మీద చిక్కుడుగింజలు ఉడుకుతున్నాయి. వాటిని దింపనివ్వండని అడిగిందట. దింపనివ్వలేదు.

ఆమె తరఫున సాక్ష్యం చెప్పడానికి ఊరు మొత్తంలో ఒక్కడే ముందుకొచ్చాడు. కాసిమీరో ఉతికిన చొక్కా తొడుక్కుని కోర్టుకు వెళ్లాడు. మద్రీనాను ఇంటికి తీసుకెళ్లాలి. ఈ చలికాలం ఆమె జైల్లో గడపకూడదు. అతని బుర్రలో ఇంకే ఆలోచనా లేదు. ప్రభుత్వ వకీలు లేచి డెన్వర్ పత్రికలోని ఆ వాక్యాన్ని నింపాదిగా చదివి వినిపించాడు. జడ్జి తలూపాడు.

“అయ్యా, ఆ మాట రాసింది నేనే,” అన్నాడు కాసిమీరో.

వకీలు చేతిలోని పత్రిక వైపు వేలు చూపించాడు.

“పరిశోధనా లేదు, పాడూ లేదు. మా పేపర్లో రెండు లైన్లు ఖాళీ మిగిలితే కల్పించి పెట్టాను. ఆ మందులో ఏ దోషమూ లేదు. ఈవిడ ఎవరికీ చెడు చెయ్యలేదు.”

వకీలు కోప్పడలేదు. దగ్గరకొచ్చి స్నేహితుడిలా అడిగాడు.

“దోషం లేదని నీకెలా తెలుసు?”

“ఆరేళ్లుగా నా చేతులకు రాస్తోందండీ. చూడండి, ఈ వేళ్లు ఆడుతున్నాయంటే ఆవిడ చలవే.”

కాసిమీరో రెండు చేతులూ పైకెత్తి చూపించాడు. వకీలు చేతుల వంక చూడలేదు. ముఖం వంక చూశాడు. తర్వాత జడ్జి వైపు తిరిగాడు.

“ఆరేళ్లుగా వాడుతున్నాడట. డెన్వర్ పత్రికలో మాట తనే రాశానంటున్నాడు. మీరే చూడండి, ముఖంలో ఎక్కడైనా జంకుందా?”

వెనక బల్లల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ వెంటనే అందరూ నవ్వారు. రుఫీనో కూడా నవ్వాడు. జడ్జి బల్ల చరిచి ఎపిఫానియాకు రెండేళ్లు జైలుశిక్ష వేశాడు.

ఆమెను తీసుకెళ్తుంటే కాసిమీరో ఇంకా అలాగే నిలబడి ఉన్నాడు. డోన్యా ఎపిఫానియా అతని దగ్గర ఆగింది. అతను చెప్పిందంతా ఆమె విన్నది. రెండు లైన్ల సంగతీ విన్నది.

“చేతులు దించరా,” అంది మెల్లగా. “జనం చూస్తున్నారు.”

ఆ వారం ఆమె శిక్ష వార్త కూర్చి, అడుగున మిగిలిన చోట కాసిమీరో రెండు లైన్లు పెట్టాడు: ‘ఆ మాట అబద్ధం. రాసింది నేను, కాసిమీరో ఆర్చులేతా.’ డోన్ నాబోర్ అచ్చుకు ముందు చూసి, ఆ రెండు లైన్లూ ఊడదీసి అక్షరాలను డబ్బాలోకి ఒంపేశాడు.

“నీ పనికి వంక పెట్టనయ్యా. కానీ నువ్వు కూర్చిన పేపరంటే ఇంక ఎవరు నమ్ముతారు చెప్పు? సోమవారం నుంచి రాకు.”

సోమవారం పొద్దున్న కాసిమీరో అలవాటు కొద్దీ లేచి, కోటు తొడుక్కుని తలుపు తీశాడు. గుమ్మం పొడుగునా ఉప్పు చల్లి ఉంది. వీధిలో ఎవరూ లేరు. ఎదురింటి కిటికీ తెర కదిలింది. ఊడ్చేద్దామని లోపలికెళ్లి చీపురు అందుకోబోయాడు. వేళ్లు వంగలేదు.